అంబాసిడర్ పెట్రోల్‌కి కొత్త డిస్ట్రిబ్యూటర్: అడ్వాన్స్ చూడకుంట కొనకుండ్రి

డిస్ట్రిబ్యూటర్ అంటే ఏ సిలిండర్‌కి ఎప్పుడు స్పార్క్ పోవాల్నో పంచే డబ్బా. అందుల స్పార్క్ పుట్టించే పాత తీరు స్విచ్చు, అంటే పాయింట్లు మంచియా ఎలక్ట్రానిక్ మంచిదా అని అందరు కొట్లాడుకుంటరు గానీ నా లెక్కల అది తర్వాత ముచ్చట. క్యాప్ కింద, ప్లేట్ కింద, ఎవ్వరికీ కనవడకుంట రెండు వెయిట్లు రెండు స్ప్రింగులు ఉంటయి చూడుండ్రి, వేగం పెరిగినకొద్ది స్పార్క్‌ను ముందుకు జరిపేటివి (దీన్నే అడ్వాన్స్ అంటరు), బండి గుంజుడంత ఆడనే ఉన్నది. అమ్మేటోళ్లు వాటి గురించి ఒక్క ముక్క చెప్పరు. నా కోపమంత దాని మీదనే, కొన్నేళ్లు వాడినంకనే రాస్తున్న.

బాపు కొన్న బండి, పాత 1489 సీసీ ఇంజను. ఒరిజినల్ డిస్ట్రిబ్యూటర్ల షాఫ్ట్ బుష్షు అరిగింది, రోటర్ (షాఫ్ట్ మీద తిరిగే ముక్క) వట్టుకొని పక్కకు కదిలిస్తే చేతికి తెలుస్తుండె. అట్లయినప్పుడు పాయింట్ల గ్యాప్ పదిహేను థౌ (అంగుళంల వెయ్యో వంతులు) పెట్టినా క్యామ్ మీది ఒక లోబ్ (ఉబ్బు) మీద ఒక తీరు ఇంకో లోబ్ మీద ఇంకో తీరు ఉంటది, స్లోల ఇంజన్ నిలకడగ ఉండదు. వరంగల్‌ల ఒక స్పేర్ పార్ట్స్ షాపాయన "మీ బండిదే అన్నా, పాయింట్లు లేవు కండెన్సర్ లేదు, పెట్టుకొని మర్చిపో" అని ఎలక్ట్రానిక్‌ది ఇచ్చిండు. అడుగున ఇంజన్‌ల ఇమిడే ముక్క (డాగ్) సెంటర్‌కి జర పక్కకు ఉంటది గదా, అది గూడ సక్కగ కూసున్నది, ఇగ ఎవ్వరికి అనుమానం వస్తది.

మొదట్ల మస్తు ఖుషీ అయిన. చలికాలం పొద్దుగాల చోక్ గుంజి సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు అందుకునేది. తెలిసినోళ్లందరికీ ఇదే తీస్కోండ్రి అని చెప్పిన. అయితే అదే రోజు ప్లగ్గులు, ప్లగ్ వైర్లు గూడ కొత్తయి ఏసినం, అందుల ఎంత పుణ్యం దేనిదో ఇప్పుడు చెప్పలేను.

ఎండలు ముదిరినంక మొదలైంది. నలుగురం కూసోని కాజీపేట బ్రిడ్జి ఎక్కితే టాప్ గేర్ల టకటకమని ఒకటే నాకింగ్. ఒక మెకానిక్ పెట్రోల్ కల్తీ అన్నడు. ఇంకొకాయన డిస్ట్రిబ్యూటర్ బాడీ జర తిప్పి టైమింగ్ (స్పార్క్ వడే సమయం) వెనక్కి పెట్టిండు, నాకింగ్ పోయింది, దాంతోపాటు పికప్ గూడ పోయింది. అయినా సప్పుడు లేదు గదా అని నడిపినం.

మే నెలల హైదరాబాద్‌ల పెండ్లికి పోతుంటే స్టేషన్ ఘన్‌పూర్ దాటినంక టెంపరేచర్ ముల్లు లేసుడు వెట్టింది, జనగామల ఆగి సల్లార్చి మళ్ల ఎల్లినం, ఆలేరు రాకముందే ముల్లు ఎర్రగీత మీదికొచ్చింది. రోడ్డు పక్క చింతచెట్టు కింద ఆపితే రేడియేటర్ కాడికి పోయేటట్టు లేదు, ఆవిరి బుసబుస వస్తున్నది. మా పెద్దమ్మ కొంగుతోని ఇసురుకుంట "బస్సుల పోదాం బిడ్డా, ముహూర్తం దాటిపోతది" అన్నది, నిజంగనే పెద్దోళ్లను బస్సు ఎక్కించి పంపినం. తిరిగొచ్చినంక రేడియేటర్ విప్పి రాడ్డింగ్ (లోపలి గొట్టాలు శుభ్రం) చేయించినం, థర్మోస్టాట్ మార్చినం, వాటర్ పంప్ మార్చినం, బెల్టు మార్చినం. మళ్ల అదే వేడి. ఇగ్నిషన్ దిక్కు ఎవ్వలు చూడలే, ఎందుకంటే అది కొత్తది గదా!

ఆఖరికి హన్మకొండల మాకు తెలిసిన ముసలి మెకానిక్ చిచ్చా కాడికి పోయినం. ఆయన రేడియేటర్ ముట్టనే లేదు. పుల్లీ మీది గుర్తుకు చాక్‌పీసు రాసిండు, వాక్యూమ్ పైపు తీసి మూసిండు, టైమింగ్ లైట్ (స్పార్క్ వడ్డప్పుడల్లా మెరిసేది) పట్టి నన్ను ఎక్స్‌లేటర్ మెల్లగ లేపుమన్నడు. మామూలుగ అయితే ఆర్పీఎం పెరిగినకొద్ది ఆ తెల్లగుర్తు నిమ్మళంగ జరగాలె. మాది జర లేపంగనే ఒక్కసారే ఉరికి ఆగింది. "దేఖ్ బేటా, అడ్వాన్స్ మొత్తం తక్కువ స్పీడ్లనే వచ్చేస్తున్నది" అన్నడు. విప్పి చూస్తే రెండు స్ప్రింగులు సన్నగ బాల్‌పెన్నుల స్ప్రింగ్ లెక్క ఉన్నయి. మా పాతదాంట్ల ఒకటి సన్నది, ఒకటి లావుది, ఆ లావుదాని కొక్కెం వదులుగ ఉంటది, జర వేగం వచ్చినంకనే అది గుంజుకుంటది. కొత్తది వేరే ఇంజన్ కోసం చేసిందో, లెక్కలేకుంట చేసిందో తెల్వదు. తక్కువ స్పీడ్ల బరువు గుంజేటప్పుడు స్పార్క్ ముందు వడ్తే నాకింగ్, దాన్ని ఆపనీకి మొత్తం టైమింగ్ వెనక్కి పెడితే మిగతా టైమంత స్పార్క్ లేటు, మంట పని అయిపోకముందే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుసుకుంటది, ఆ వేడంత హెడ్‌కు, నీళ్లకు ఎక్కుతది. మేము మార్చిన రేడియేటర్ సామానుకు దీనికి సంబంధమే లేదు.

చివరికి పాత బాడీనే లేత్ మీద కొత్త బుష్షు ఏయించి, దాని స్ప్రింగులు దానికే పెట్టి, వాక్యూమ్ క్యాన్ ఒక్కటి మార్చినం. ఈ క్యాన్ గురించి గూడ చెప్పాలె, ఇంజన్ గుంజే వాక్యూమ్‌తోని స్పార్క్‌ను ఇంకా ముందుకు జరిపేది ఇదే. లూకాస్ టైపు క్యాన్ మీద 5-13-10 లెక్క మూడు అంకెలు కొట్టి ఉంటయి: ఎన్ని అంగుళాల వాక్యూమ్‌కి మొదలైతది, ఎంతకు పూర్తయితది, ఎన్ని డిగ్రీలు తిప్పుతది. వెయిట్ల ప్లేటు మీద గూడ ఒక అంకె ఉంటది. అవి డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు, క్రాంక్ రెండు సుట్లు తిరిగితే ఇది ఒక్క సుట్టు గాబట్టి పది అంటే పుల్లీ కాడ ఇరవై. మీ పాతదాని మీదున్న అంకెలు రాసుకొని పోయి కలిస్తేనే తీస్కోండ్రి.

కొనేటప్పుడు షాపులనే క్యాప్ తీయించుండ్రి. రోటర్ తిరిగే దిక్కు జర తిప్పి వదిలితే దానంతటదే ఎనక్కి రావాలె. క్యాన్ పైపు నోటితోని గుంజి నాలుకతోని మూస్తే ప్లేటు కదిలి ఆడనే నిలవాలె, మెల్లగ జారితే డయాఫ్రం (లోపలి పొర) చినిగినట్టే. క్యాప్ తీయనియ్యకపోతే ఆ షాపుల కొనకుండ్రి. రోటర్ మాత్రం రివెట్ లేనిది దొరికితే అదే మంచిది, రివెట్ల నుంచి కరెంటు షాఫ్ట్‌కి లీకయ్యే రకాలు ఉన్నయి.

ఇప్పుడు నాకింగ్ లేదు, బ్రిడ్జి టాప్‌లనే ఎక్కుతది, పోయిన ఎండాకాలం హైదరాబాద్ దాంక ముల్లు మధ్యల నుంచి కదల్లే. పాయింట్ల పని మాత్రం ఉంటది, హీల్ (క్యామ్‌కు రాసుకునే ముక్క) అరిగితే గ్యాప్ తగ్గుతది టైమింగ్ వెనక్కి పోతది, అప్పుడప్పుడు చూసుకొని క్యామ్‌కి చుక్కంత గ్రీసు పెట్టాలె. నేను ఆదివారాలు, పండుగలకు తీసేటోణ్ని, చిచ్చా ఇంటికి దగ్గర, నాకు నడుస్తది. రోజూ ములుగు దాంక పోయొచ్చేటోళ్లకు, చేతికింద తెలిసిన మెకానిక్ లేనోళ్లకు పాయింట్లదే పెట్టుకోండ్రి అని అననీకి ధైర్యం చాలదు. వాళ్లు ఎలక్ట్రానిక్‌దే తీస్కోవచ్చు, గానీ బండికి ఎక్కించినంక టైమింగ్ లైట్ పెట్టించి ఆ తెల్లగుర్తు ఎట్ల జరుగుతున్నదో ఒక్కసారి కండ్లారా చూసినంకనే బిల్లు కట్టుండ్రి.