సీఏ ఇంటర్ పోయింది: మళ్లీ రెండు గ్రూపులా, ఒక్కటేనా?

సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) కోర్సులో రెండో మెట్టు అయిన ఇంటర్ రిజల్ట్ చూసిన రోజే చాలామంది నిర్ణయం తీసేసుకుంటారు. ఒకరు పంతం పట్టి "ఈసారి రెండూ కొట్టి చూపిస్తా" అంటారు. ఇంకొకరు బెదిరిపోయి "ఒక్క గ్రూపే రాస్తాలే" అంటారు. ఇద్దరూ మార్క్స్ షీట్‌ని సరిగ్గా చూసి ఉండరు. ఏది మేలో తేల్చేది అందులోని ఆరు అంకెలే: రెండు గ్రూపులు, ఒక్కోదాంట్లో మూడు పేపర్లు. రెండు రోజులు ఏడుపొస్తే ఏడవండి, కడుపునిండా తిని పడుకోండి. మూడో రోజు ఆ ఆరు మార్కులూ ఒక తెల్ల కాగితం మీద వేసుకోండి.

ముందు రూల్. ప్రతి పేపర్లో కనీసం 40 రావాలి, గ్రూప్ మొత్తం మీద 300కి 150 రావాలి. రెండు గ్రూపులూ ఒకే అటెంప్ట్‌లో రాస్తే ఇంకో వెసులుబాటు ఉంది: ఆరు పేపర్లలోనూ 40 వచ్చి, మొత్తం 600కి 300 వస్తే రెండూ పాసే. ఒక గ్రూప్‌లో 138 దగ్గర ఆగిపోయినా, రెండో దాంట్లో 162 వస్తే అది దీన్ని కూడా గట్టెక్కిస్తుంది. ఒక్క గ్రూపే రాసేవాళ్లకి ఈ ఆసరా లేదు.

ఇప్పుడు ఒక మార్క్స్ షీట్ చూద్దాం. అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్ 48, లా 41, ట్యాక్స్ 44. రెండో గ్రూప్‌లో కాస్టింగ్ 52, ఆడిట్ 47, ఎఫ్ఎం-ఎస్ఎం (ఫైనాన్షియల్, స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్) 43. ఒక గ్రూప్ 133, ఇంకోటి 142. రిజల్ట్‌లో మాత్రం రెండూ ఫెయిలే. కానీ ఎక్కడా 40కి తగ్గలేదు, మొత్తం 275. కావాల్సింది ఇంకో 25, అంటే పేపర్‌కి నాలుగైదు మార్కులు. ఇలాంటి షీట్ చేతిలో పెట్టుకుని ఒక గ్రూప్ వదిలేస్తే అది నష్టమే. రెండూ రాయాల్సిందే.

ఇంకో షీట్. మొదటి గ్రూప్‌లో 31, 58, 36. రెండో దాంట్లో 28, 44, 33. నాలుగు పేపర్లు 40 లోపే ఉన్నాయి. ఇక్కడ అగ్రిగేట్, అంటే మొత్తం మార్కుల గురించి ఆలోచించడం దండగ. మొత్తం 300 దాటినా ఒక్క పేపర్లో 39 వస్తే ఆ గ్రూప్ పోతుంది. ఈ షీట్‌కి ఒక గ్రూపే మేలు. అది భయపడటం కాదు, గంటల లెక్క. ఇంటర్ ఏడాదికి మూడుసార్లు జరగడం 2024లో మొదలైంది. అప్పటి నుంచి రిజల్ట్‌కీ తర్వాతి పరీక్షకీ మధ్య మిగిలేది దాదాపు రెండు నెలలే. 60 రోజులు, రోజుకి 10 గంటలు అనుకుంటే 600 గంటలు. ఆరు పేపర్లకి పంచితే ఒక్కోదానికి 100, మూడింటికి పంచితే 200. 28 వచ్చిన కాస్టింగ్‌ని మొదటి నుంచి చేసి, రెండు రివిజన్లు, రెండు మాక్ టెస్టులు పూర్తి చేయడానికి 100 గంటలు చాలవు.

ఒక గ్రూప్ రాయడానికి చెల్లించే ధర కూడా తెలుసుకోవాలి. 2023లో వచ్చిన కొత్త స్కీమ్‌లో ఇంటర్ రెండు గ్రూపులూ పాసయ్యాకే ఆర్టికల్‌షిప్, అంటే సీఏ ఆఫీసులో చేసే శిక్షణ, మొదలవుతుంది. ఒకటి పాసై ఊరుకుంటే ఆఫీసులో చేరలేరు. అంటే ఒక గ్రూప్ వాయిదా వేసిన ప్రతిసారీ దాదాపు నాలుగు నెలలు వెనక్కి జరుగుతారు. రెండో షీట్ ఉన్నవాళ్లకి అది ఇచ్చుకోదగ్గ ధరే, మొదటి షీట్ వాళ్లకి కాదు. ఫీజు తేడా దీని ముందు చిన్నది: ఒక గ్రూప్‌కి ₹1,500, రెండింటికి ₹2,700.

ఏ గ్రూప్ ముందు? ఇష్టమైనది కాదు, 40కి తగ్గిన పేపర్లు తక్కువ ఉన్నది. రెండూ సమానంగా ఉంటే మా ఓటు మొదటి గ్రూప్‌కే. ట్యాక్స్ అందులోనే ఉంది, దాన్ని వదిలేస్తే నోట్సు పాతబడిపోతుంది. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, మీ అటెంప్ట్‌కి ఏ చట్టం, ఏ సవరణలు వర్తిస్తాయో పరీక్ష పెట్టే సీఏ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే జాబితాలో చూశాకే పుస్తకం తెరవండి.

ఎగ్జెంప్షన్ ఉంటే లెక్క మారిపోతుంది. గ్రూప్‌లోని అన్ని పేపర్లకీ హాజరై, ఒక దాంట్లో 60 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఆ పేపర్‌కి తర్వాతి మూడు అటెంప్ట్‌ల వరకు మినహాయింపు. ఆ మార్కులు అగ్రిగేట్‌లో కలుస్తాయి. అకౌంట్స్ 38, లా 43, ట్యాక్స్ 66 వచ్చిందనుకోండి. వచ్చేసారి ఆ 66 పోను మిగతా రెండింటిలో కలిపి 84 వస్తే గ్రూప్ పాస్, పేపర్‌కి 42 చొప్పున. చదవాల్సినవి రెండే కాబట్టి రెండో గ్రూప్ కూడా కలుపుకుని ఐదు పేపర్లు రాయడం చాలామందికి సాధ్యమే. ఒక్క సంగతి మర్చిపోకండి: మీరు రాసినా రాయకపోయినా ఆ మూడు అటెంప్ట్‌లు గడిచిపోతూనే ఉంటాయి. ఏడాదికి మూడు పరీక్షలంటే మూడు అటెంప్ట్‌లూ ఏడాదిలోనే అయిపోతాయి.

మార్కులు తక్కువ పడ్డాయని అనుమానం ఉంటే ముందు వెరిఫికేషనా, సర్టిఫైడ్ కాపీనా అన్నది ఇంకో ప్రశ్న. వెరిఫికేషన్ పేపర్‌కి ₹100. అందులో కూడిక సరిగ్గా ఉందా, దిద్దకుండా వదిలేసిన జవాబుందా అన్నంతవరకే చూస్తారు. మళ్లీ దిద్దరు, రీవాల్యుయేషన్ అన్నది ఈ పరీక్షల్లో లేదు. సర్టిఫైడ్ కాపీ అంటే మీరు రాసిన జవాబు పత్రం నకలు, పేపర్‌కి ₹500. రెండింటికీ రిజల్ట్ వచ్చిన నెలలోపే అప్లై చేయాలి. 38, 39 దగ్గర ఆగినవాళ్లు వెరిఫికేషన్‌కి పెట్టుకోవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని చదువు ఆపకూడదు. 35 లోపు వచ్చినవాళ్లకి సర్టిఫైడ్ కాపీయే అసలు పాఠం.

ఆ కాపీ తెరిచాక మార్కులకంటే ముందు పేజీలు లెక్కపెట్టండి. ఇలా ఉందనుకోండి: మొదటి రెండు ప్రశ్నలకి పది పేజీలు, పొందికైన దస్తూరి, గీతలు కొట్టిన పట్టికలు. చివరి 14 మార్కుల ప్రశ్నకి అర పేజీ, అదీ వంకరటింకరగా. అంటే పోయింది సబ్జెక్టు రాకపోవడం వల్ల కాదు, టైము వల్ల. మూడు గంటల్లో 30 మార్కుల ఎంసీక్యూలకి 45 నిమిషాలు తీసేస్తే, 70 మార్కులకి మిగిలేది 135 నిమిషాలు. 14 మార్కుల ప్రశ్నకి 27 నిమిషాలు దాటకూడదు. లా పేపర్లో అయితే ఎక్కువగా కనిపించే తప్పు వేరు: నిబంధన రాస్తారు, ప్రశ్నలో ఇచ్చిన కథ మళ్లీ రాస్తారు, "కాబట్టి కంపెనీ చేసింది చెల్లదు" అన్న ముగింపు వాక్యం రాయరు.

అందుకే పోయిన పేపర్‌కి మళ్లీ మొత్తం క్లాసులు వినడం మేలా, ఆర్టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు), ఎంటీపీలు (మాక్ టెస్ట్ పేపర్లు) గడియారం పెట్టుకుని రాయడం మేలా అని అడిగితే మేం రాయడానికే ఓటేస్తాం. క్లాసులు వింటుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, అకౌంట్స్ ఒక్కటే నెల మింగేస్తుంది. ఏ చాప్టర్లు రాలేదో తెలిసుంటే అవి మాత్రమే వినండి.

సీఎంఏకి (కాస్ట్ అకౌంటెన్సీ కోర్సుకి) మారిపోదామా అన్న ఆలోచన ఈ వారంలోనే వస్తుంది. ఆ కోర్సు మంచిదే. కానీ అక్కడా పేపర్‌కి 40, మొత్తానికి 50 శాతమే, ఇంటర్‌లో ఎనిమిది పేపర్లు. టైము చాలక పోయినవాళ్లకి అక్కడా టైము చాలదు.

ఇంట్లో చెప్పేటప్పుడు "పోయింది నాన్నా" అని ఊరుకోకండి. ఆ మాట విన్నవాళ్లకి అన్నీ పోయినట్టే వినిపిస్తుంది. "300 కావాలి, 275 వచ్చింది, సెప్టెంబర్‌లో రెండూ రాస్తున్నా" అనండి. హాస్టల్ గదిలో ఒక్కరే ఉండి నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, ఎంత రాత్రయినా తీస్తారు.

ఇక ఎగ్జామ్ ఫారమ్ గడువు. రిజల్ట్ తర్వాత అది ఎక్కువ రోజులు ఉండదు, సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చేదాకా ఆగితే దాటిపోవచ్చు. మూడో రోజు కాగితం మీద తేలిన లెక్క ప్రకారం ఫారమ్ నింపేయండి.