పాత పేరుకే కొత్త నడకా, పాతదాన్ని అలాగే ఉంచడమా?

మొదటి దారికి ఉదాహరణ: లినక్స్‌లో ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే గ్లిబ్‌సి లైబ్రరీలో, మెమరీలో ఒకచోటి డేటాని ఇంకోచోటికి కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్‌ని 2010లో పేరు మార్చకుండానే వేగం కోసం మార్చారు. కొన్ని ప్రాసెసర్ల మీద అది చివరి బైట్ నుంచి వెనక్కి కాపీ చేయసాగింది. రూల్ ప్రకారం తప్పు లేదు. డేటా తీసే చోటూ, పెట్టే చోటూ ఒకదానిమీదొకటి పడితే మెమ్‌మూవ్ అనే వేరే ఫంక్షన్ వాడాలని సీ భాష ప్రమాణం ముందే చెప్పింది. కానీ ‘కఖగఘ’లో చివరి మూడు అక్షరాల్ని ఒక గడి ఎడమకి జరిపి చూడండి. ముందు నుంచి కాపీ చేస్తే ‘ఖగఘఘ’ వస్తుంది, వెనక నుంచి చేస్తే ‘ఘఘఘఘ’. ఫెడోరా 14 అనే లినక్స్‌లో, బ్రౌజర్‌లో వీడియోలు ఆడించే 64 బిట్ ఫ్లాష్ ప్లేయర్ శబ్దం పాడైంది ఇలాంటి కాపీ వల్లే. తప్పు ఫ్లాష్‌దే, ఒప్పుకుంటాను. కానీ నిన్నటిదాకా సరిగ్గా వినిపించిన పాట ఇవాళ గరగరలాడితే, వినేవాళ్లకి సీ ప్రమాణంతో ఏం పని?

రెండో దారి గ్లిబ్‌సి 2.14లో వచ్చింది. అదే పేరుకి రెండు వెర్షన్లు. పాత ప్రోగ్రాములకి మెమ్‌మూవ్‌లా నడిచేది, కొత్త గ్లిబ్‌సితో లింక్ చేసి (అంటే జతచేసి) తయారుచేసినవాటికి వేగమైనది. దీనికీ ఖర్చుంది: కొత్త సిస్టమ్‌లో బిల్డ్ చేసిన ప్రోగ్రామ్ పాత గ్లిబ్‌సి ఉన్న సర్వర్ మీద ‘గ్లిబ్‌సి 2.14 దొరకలేదు’ అని ఆగిపోవచ్చు.

అయినా నా ఓటు దీనికే. ఆ లోపం మొదలవగానే కనబడుతుంది, కారణం కూడా చెబుతుంది. మొదటిదైతే చడీచప్పుడు లేకుండా డేటాని పాడుచేస్తుంది.