మొరాకో లోపలి సీమ: ద్రా-తఫిలాలెత్‌లో ఎనిమిది రోజులు

మాది అనంతపురం. బోరు వేసిన ప్రతిసారీ నీళ్ళు పడతాయా లేదా అన్న టెన్షన్‌తో పెరిగినవాళ్ళం. మొరాకో ఎడారి చూడాలని నేనూ మా తమ్ముడూ అక్టోబరు చివర్లో బయల్దేరాం. ఇసుక ఫొటోలు ఫోన్ నిండా ఉన్నాయి కానీ, తిరిగొచ్చాక ఇంట్లో చెప్పిందంతా కాలువల గురించే.

ద్రా-తఫిలాలెత్ అన్నది 2015లో మొరాకో తన ప్రాంతాలను 12గా మార్చినప్పుడు ఏర్పడింది. ఎరాషిదియా ముఖ్య పట్టణం. వర్జాజాత్, తిన్‌గీర్, జగోరా, మిదెల్త్ మిగతా నాలుగు జిల్లాలు. సముద్రం లేదు, రైలు లేదు. జనాభా సుమారు 16 లక్షలు. దేశంలో పేద ప్రాంతాల్లో ఇదొకటి. ఖర్జూరం, గనులు, పర్యాటకులు, బయట పనిచేసేవాళ్ళు పంపే డబ్బు, వీటి మీదే బండి నడుస్తోంది.

మర్రాకేష్ నుంచి వర్జాజాత్‌కు బస్సులో వెళ్ళాం. బస్సు శుభ్రంగా ఉంది, టైముకు బయల్దేరింది. 2260 మీటర్ల ఎత్తున్న తిష్కా కనుమ దాటేదాకా మలుపులే మలుపులు. తమ్ముడు కిటికీ పక్కన నోరు మూసుకుని కూర్చున్నాడు. కడుపులో తిప్పేవాళ్ళు మాత్ర వేసుకుని ఎక్కండి.

ఐత్ బెన్‌హద్దూ మట్టి కోట ఊరు 1987లో యునెస్కో జాబితాకెక్కింది. సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక చూస్తే బాగుంటుంది, మధ్యాహ్నం మాత్రం తిరనాళ్ళే. ఊళ్ళోవాళ్ళు ఎక్కువమంది ఏటికి అవతల కొత్త ఇళ్ళకు మారారు, లోపల కొన్ని కుటుంబాలే మిగిలాయి. వర్జాజాత్‌లో సినిమా స్టూడియోలకు టికెట్ కొన్నాం. నా మటుకు దండగ. ప్లాస్టర్ దేవుళ్ళ బొమ్మలు చూడాలంటే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది కదా.

ఊరి బయట నూర్ సోలార్ కేంద్రం వేరే కథ. మొత్తం సుమారు 580 మెగావాట్లు. మన ఓర్వకల్లు దగ్గరి పార్కులో ఉన్నవి మామూలు పలకలు. ఇక్కడ ఎక్కువ భాగం అద్దాలు. అవి ఎండను ఒకచోటికి చేరుస్తాయి, ఆ వేడిని కరిగిన ఉప్పులో దాచుకుని చీకటిపడ్డాక కూడా కరెంటు తీస్తారు. 2016లో మొదలైన తొలి యూనిట్‌ను నీటితోనే చల్లబరచాలి. ఆ నీళ్ళు పక్కనున్న డ్యామ్ నుంచి వస్తాయి. తర్వాతి రెండు యూనిట్లకు గాలితో చల్లబరిచే పద్ధతి పెట్టారు. అనుమతి లేకుండా లోపలికి పోనివ్వరు, అద్దాల ఎండ వచ్చి పడే టవర్ వెలుగు మాత్రం రోడ్డు మీంచే కనిపిస్తుంది.

బసల్లో నా ఓటు స్కూరా అనే ఊరికే. ఖర్జూరపు తోటల మధ్య మట్టి గోడల ఇల్లు, మూడే గదులు, ఫ్యాన్ లేకపోయినా చల్లగా ఉంది. పొద్దున్నే ఇంటావిడ పెనం మీద కాల్చిన మ్సెమెన్ అచ్చం మన పరోటాలాగే ఉంది, తేనెతో పెట్టింది. శాకాహారులకు ఒక మాట: కూరగాయల తజీన్ (మట్టిపాత్రలో ఉడికించే కూర) అన్నా మాంసం రసం కలిసే అవకాశముంది, ముందే గట్టిగా చెప్పుకోవాలి.

వర్జాజాత్ నుంచి కారూ డ్రైవరూ మాట్లాడుకున్నాం. డ్రైవరుది జగోరా. 2017లో అక్కడ తాగునీటి కోసం జనం రోడ్డెక్కారని, పుచ్చకాయ సాగు నీళ్ళన్నీ తాగేస్తోందని చెప్పాడు. ఎగుమతి పంట, డబ్బు బాగా వస్తుంది, బోర్లు లోతుకు పోతాయి. మాకు ఈ కథ కొత్తేం కాదు. తిన్‌గీర్ దగ్గర ఇమితేర్ వెండి గని ఆఫ్రికాలోనే పెద్దవాటిలో ఒకటి. దానికి వెళ్ళే నీళ్ళ పైపును 2011లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కట్టేసి, 2019 దాకా గుట్ట మీదే మకాం వేశారు.

రోజాలకు పేరున్న కల్అత్ మగూనాలో ఆగి సబ్బులు కొన్నాం, అంతే. పూలు చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళాలి. తొద్రా లోయలో మూడు వందల మీటర్ల గోడల మధ్య చల్లటి ఏట్లో కాళ్ళు పెట్టుకుని ఓ గంట కూర్చున్నాం.

అసలు చోటు ఎర్ఫూద్‌కు ముందు వచ్చింది. రోడ్డు పక్కన వరసగా మట్టి కుప్పలు, పెద్ద ఎలుక తవ్వి పోసినట్టు. వాటి కింద ఖెత్తారాలు, అంటే భూమిలోపల కొద్దిపాటి వాలుతో తవ్విన సొరంగాలు. కొండవైపు ఊటను మోటారు లేకుండానే కిలోమీటర్ల దూరంలోని పొలాలకు తెస్తాయి. కుప్పలు కనిపించేవి పూడిక తీసే బావుల దగ్గర. కొద్ది రుసుము తీసుకుని ఒక పెద్దాయన మమ్మల్ని లోపలికి దింపాడు.

"అక్కా, ఇది మన ఊట కాలువే కదా!" అన్నాడు తమ్ముడు.

కాలువ ఎండిపోయి ఉంది. 1965 వరద తర్వాత జీజ్ ఏటి మీద 1971లో డ్యామ్ కట్టారు, ఆపైన పంపులొచ్చాయి, ఊట దిగిపోయింది. ఇలా ఎండినవి తఫిలాలెత్‌లో చాలానే ఉన్నాయి.

ఎర్ఫూద్‌లో మజ్హూల్ ఖర్జూరం కొత్త పంట దొరికింది. బొటనవేలంత లావు, పాకం పట్టినట్టు మెత్తన. బయూద్ అనే తెగులు ఇక్కడి చెట్లను లక్షల్లో చంపింది. 1927లో బూదెనీబ్ అనే ఊరి నుంచి ఈ మజ్హూల్ పిలకలు 11 అమెరికాకు వెళ్ళాయి, అక్కడ మెజూల్ పేరుతో పెరిగే తోటలకు మూలం అవే. శిలాజాల దుకాణాల్లో మాత్రం జాగ్రత్త, ట్రైలోబైట్లలో (కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు పురుగుల శిలాజాలు) నకిలీలు బోలెడు.

ఇసుక దిబ్బల పక్కనున్న మెర్జూగాలో మేం దిగిన గుడారాల క్యాంపు పేరు రాయను. వేడి నీళ్ళన్నారు, రాలేదు. ఎడారి నిశ్శబ్దం అన్నారు, చీకటిపడేదాకా నాలుగు చక్రాల బైకుల మోతే. డబ్బు మాత్రం స్కూరాలో ఇచ్చినదానికి రెండింతలు. క్యాంపు వాళ్ళ హోటల్లో ఈతకొలను కూడా ఉంది. ఎండిన సొరంగంలో దిగి వచ్చిన మర్నాడే దాన్ని చూస్తే నాకు అందులో కాలు పెట్టబుద్ధి కాలేదు. తమ్ముడు మాత్రం దూకాడు. తెల్లవారుజామున దిబ్బ ఎక్కి చూసిన సూర్యోదయానికి వంక పెట్టలేను. మళ్ళీ వెళ్తే రిస్సానీలో ఉంటాను, దిబ్బలకు ఒక్కపూట వెళ్ళొస్తాను. అక్కడ మంగళ, గురు, ఆదివారాల్లో సంత, గాడిదలకు ప్రత్యేకంగా పార్కింగ్ కూడా ఉంది.

ఎరాషిదియా నుంచి మిదెల్త్‌కు షేర్ టాక్సీలో వెళ్ళాం. ఆరుగురు నిండితేనే కదులుతుంది. గంటన్నర చూసి, ఖాళీ సీటుకు కూడా మేమే డబ్బు కట్టాం. మిదెల్త్‌లో చలి. రోడ్డు పక్కన యాపిల్ పెట్టెలు, ఒక్కో కాయా గట్టిగా, పుల్లగా. రెండు కిలోలు కొని, ఫెజ్ బస్సు ఎక్కేలోపే సగం తినేశాం.