కోర్టు ఆర్డర్ మీద మా తమ్ముడిని పది రోజులు ఉంచిన వార్డు ఎలా ఉందంటే

మాది దేవరకొండ దగ్గర ఊరు. మానసిక జబ్బుకు వాడే గోళీలు మానేసి మూడు వారాలైన మా తమ్ముడు ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయి ఊరు కాని ఊళ్లో బస్టాండులో తిరుగుతుంటే పోలీసులు మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లారు, అక్కడి నుంచి ఆర్డర్ మీద సర్కారు దవాఖానకు పంపారు. దవాఖాన పేరు రాయను, ఇప్పటికీ అక్కడే చూపించుకుంటున్నాం.

ఇది క్రిమినల్ కేసు కాదండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 102వ సెక్షన్ ఆర్డర్, దీని మీద 10 రోజులకు మించి ఉంచకూడదు. ఇది తెలియక మా అమ్మ "పోరణ్ణి జైల్లో వేసిండ్రా" అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఉచితంగా లాయర్ సాయం ఉంటుందని పేషెంటుకు చెప్పాలని అదే చట్టం 27వ సెక్షన్‌లో ఉంది, మాకు మాత్రం పక్క మంచం వాళ్ల బంధువు చెప్పాడు.

కౌంటర్ దగ్గరైతే ఘోరం. "కోర్టు కేసు ఎవరిది?" అని అక్కడ కూర్చున్నాయన హాలంతా వినపడేలా అరిచాడు. మా తమ్ముడు తన చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాడు.

వార్డులో డాక్టర్ మేడం మాత్రం వేరే రకం. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని "గోళీలు ఎందుకు మానేశావు?" అని వాడినే అడిగింది, నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. చాలాసేపటికి వాడు, "చేతులు వణుకుతున్నయ్ మేడం, హోటల్‌లో చాయ్ ఒలికిపోతే అందరూ చూస్తరు" అన్నాడు. రెండేళ్లు మొండోడని తిట్టాం, ఒక్కరం అడగలేదు. డోసు తగ్గించి, వణుకుకు ఇంకో గోళీ ఇచ్చారు. ఏడో రోజు సగం గ్లాసు చాయ్ ఒలకకుండా తాగి నా వైపు చూశాడు.

నీ తరఫున మాట్లాడేది ఎవరని కూడా వాడినే అడిగారు. నా పేరు చెప్తాడనుకున్నా, చిన్నమ్మ పేరు రాయించాడు. కొంచెం గుచ్చుకుంది కానీ హక్కు వాడిది, ఏమంటాం.

డిశ్చార్జి రోజు మళ్లీ పాత కథే. వారానికి గోళీలిచ్చి పదిహేను రోజులకు రమ్మన్నారు, మధ్యలో వారం సంగతి అడిగితే బయట కొనుక్కోమన్నారు. మా ఊరి మెడికల్ షాపులో లేవు, నల్గొండ దాకా పోయి తెచ్చాను. రాత్రిపూట వాడికి నిద్ర పట్టక టెన్షన్ పడుతుంటే 14416కి, అదే మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన ఫోన్ హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేశాం, తెలుగులోనే మాట్లాడారు, పైసా ఖర్చు లేదు. ఆ నంబర్ డిశ్చార్జి చిట్టీ మీద రాసిస్తే ఏం పోయేది? వెళ్లేవాళ్లు ఆర్డర్ కాపీ రెండు జిరాక్సులు తీసుకుపోండి, ఒకటి కౌంటర్‌లోనే ఉంచేసుకుంటారు.