కష్టంలో ఒంటరి ప్రార్థనా, చర్చి సంఘానికి చెప్పుకోవడమా?

ఒంటరిగా ప్రార్థిస్తే దాచాల్సింది ఏమీ ఉండదు, కోపం కూడా చెప్పేయొచ్చు, బైబిల్లో 88వ కీర్తన చివరిదాకా చీకట్లోనే ఉంటుంది చూడండి, అదీ ప్రార్థనే. మత్తయి సువార్త 6:6లో యేసయ్య తలుపేసుకుని ప్రార్థించమన్న గది ఇదే. రిస్క్ ఏంటంటే రోజులు గడిచేకొద్దీ లోపలే కుంగిపోతాం.

సంఘానికి చెప్పాలంటే సిగ్గు చంపుకోవాలి, "నీ తప్పేదో ఉంటుంది" అనేవాళ్ళూ తగులుతారు, బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబుతో అతని స్నేహితులు అన్నదీ అదే, ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో పడ్డవాళ్ళకే తెలుసు. కానీ బైబిల్లోని గలతీ పత్రిక 6:2 ఒకరి భారాలు ఒకరు మోయమంది, చెప్పకపోతే ఎవరు మోస్తారు?

యేసయ్య తనని పట్టుకెళ్ళిన రాత్రి గెత్సేమనే తోటలో రెండూ చేశాడు, ముగ్గురు శిష్యుల్ని వెంటబెట్టుకెళ్ళి, కాస్త అవతలికెళ్ళి ఒక్కడే ప్రార్థించాడు.

దేవుడి మీదే అలిగారా, ముందు ఆ గదిలోకి వెళ్ళండి. అప్పులు, జబ్బు, నిద్రపట్టని రాత్రులైతే మాత్రం నమ్మకమైన ఇద్దరికి ఈరోజే చెప్పండి.