విజయనగరంలో గోల్‌కీపర్ల బ్యాచ్: పిల్లల్ని చేర్చే ముందు తెలుసుకోవాల్సినవి

విజయనగరంలో ఫుట్‌బాల్ నేర్పేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. గోల్‌కీపర్‌కి విడిగా నేర్పేవాళ్లే దొరకరు. చాలా స్కూళ్లలో పొడుగ్గా ఉన్నవాణ్నో, పరుగెత్తలేనివాణ్నో గోల్లో నిలబెట్టేస్తారు. మిగతావాళ్లు పాసింగ్, షూటింగ్ ప్రాక్టీసు చేస్తుంటే వాడు బంతులు ఏరుకొస్తుంటాడు. వాడికి జరిగే శిక్షణ అంతే. అందుకే కంటోన్మెంట్ వైపు ఒక మట్టి మైదానంలో ఉదయం ఐదున్నరకు, వారానికి నాలుగు రోజులు నడిచే ఈ కీపర్ల బ్యాచ్ గురించి కాస్త వివరంగా రాస్తున్నాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పదకొండు, పన్నెండేళ్లు దాటి, ఆడుకోవడానికి స్కూల్ టీమో వీధి టీమో ఉన్న పిల్లలకు నెలకు 1,200 రూపాయల ఫీజు గిట్టుబాటే. టీమ్ లేని పిల్లలకు మాత్రం ఇప్పుడే వద్దు. ఇక్కడ నేర్చుకున్నది మ్యాచ్‌లో వాడకపోతే రెండు నెలల్లో విసుగొచ్చి మానేస్తారు.

నేర్పే మాస్టారు పేరుమోసిన ఆటగాడేమీ కాదు. జిల్లా జట్టుతో మొదలుపెట్టి డిపార్ట్‌మెంట్ టీములు, కోల్‌కతా లీగ్‌లో కింది డివిజన్ క్లబ్బులు, మధ్యలో కొన్నాళ్లు గోవా. ఎక్కడా నిలకడగా ఉన్నది లేదు. సీజన్ అయిపోతే సంచి సర్దుకుని ఇంకో ఊరు. చాలాచోట్ల ఆయన రెండో కీపరే. ఇది తక్కువ చేసి చెప్పడం కాదు. ఈ శిక్షణ బాగుండటానికి అసలు కారణం అదే.

రెండో కీపర్ బతుకు ఎలాంటిదో తెలిస్తే ఈ మాట అర్థమవుతుంది. బెంచీ మీదున్న ఫార్వర్డ్‌కి ఆఖరి పావుగంటైనా ఆట దొరుకుతుంది. కీపర్‌ని మాత్రం దెబ్బ తగిలితేనో, రెడ్ కార్డు పడితేనో తప్ప మార్చరు. రెండో కీపర్ రోజూ అందరితో సమానంగా ఒళ్లు వంచి, మ్యాచ్ రోజున మొదటి కీపర్‌కి వార్మప్ ఇచ్చి, తొంభై నిమిషాలూ పక్కన కూర్చుని అతని కాళ్లనే చూస్తాడు. ఏ షాట్‌కి ఏ అడుగు ముందు పడింది, గోలు పడ్డప్పుడు ఎక్కడ నిలబడ్డాడు అన్నది లెక్కగట్టుకుంటాడు. క్లబ్బు మారినప్పుడల్లా కొత్త కోచ్ చేతిలో పడతాడు. ఒకాయన ప్రతి బంతీ పట్టమంటాడు, ఇంకొకాయన పక్కకి తోసేయమంటాడు. వానాకాలపు కోల్‌కతా బురదలో ఒక రకంగా పడాలి, గట్టి నేల మీద ఇంకో రకంగా పడాలి. ఇవన్నీ ఒంటి మీద పరీక్షించుకున్న మనిషి కాబట్టి, ఈ మాస్టారు ఏది చెప్పినా వెంటనే ఎందుకో కూడా చెబుతారు. పిల్లలు ఎదురు ప్రశ్న వేసినా కసురుకోరు.

ఇలా ఊళ్లు తిరిగి, తర్వాత శిక్షణలోకి వచ్చిన కీపర్లు ముందునుంచీ ఉన్నారు. హైదరాబాద్‌లో పుట్టి భారత జట్టుకి ఆడిన పీటర్ తంగరాజ్ సైన్యంలో సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలై కీపర్ అయ్యాడు. కోల్‌కతా క్లబ్బులు మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. ఆట మానేశాక గోవాలోనూ, బొకారో స్టీల్ ప్లాంట్‌లోనూ శిక్షణ ఇచ్చాడు. 1967లో అర్జున అవార్డు అందుకున్న అంత పెద్ద కీపర్ కూడా క్లబ్బులు మారినవాడే. జర్మనీకి చెందిన లుట్జ్ ఫానెన్‌స్టీల్ అయితే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా కింద ఉన్న ఆరు ఖండాల సమాఖ్యల్లోనూ ప్రొఫెషనల్‌గా ఆడిన కీపర్. 2002లో ఇంగ్లండ్‌లో ఒక మ్యాచ్‌లో ఎదుటి ఆటగాడు గుద్దుకుని ఊపిరి ఆగిపోయి, బతికి బయటపడి, మళ్లీ ఆడాడు, ఆ తర్వాత కోచింగ్‌లోకి వచ్చాడు.

ఇక శిక్షణ. మొదటి రెండు వారాలు గ్లవ్స్ ముట్టనివ్వరు. ఒట్టి చేతులతోనే పట్టాలి. గ్లవ్స్ ఉంటే గ్రిప్పు చూసుకుని చేతులు తప్పుగా పెట్టినా బంతి అతుక్కుంటుంది, తప్పు బయటపడదు. ఛాతీకి పైన వచ్చే బంతికి రెండు బొటనవేళ్లూ దగ్గరగా, మిగతా వేళ్లు విప్పి బంతి వెనక పెట్టాలి. నడుము కింద వచ్చే బంతికి చిటికెన వేళ్లు కలిసి, అరచేతులు ముందుకు తిరగాలి. బంతిని ఛాతీకి హత్తుకునేదాకా కళ్లు దాని మీదే ఉండాలి. మధ్య ఎత్తులో, కడుపు దగ్గరికి వచ్చే బంతికే పిల్లలు ఎక్కువగా తికమకపడతారు. వేళ్లు పైకా కిందకా అని ఆలోచించేలోపు బంతి చేతుల మధ్యనుంచి జారిపోతుంది. దానికి విడిగా రోజూ పది నిమిషాలు కేటాయిస్తారు.

మమ్మల్ని బాగా ఆకట్టుకున్నది పడటం నేర్పే పద్ధతి. మైదానం అంచున సుమారు పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పున ఇసుక పరిచారు. ముందు రోజు సాయంత్రం నీళ్లు చల్లుతారు. పొడి ఇసుకలో కాలు దిగబడి తోపు రాదు, మరీ తడిస్తే గట్టిపడిపోతుంది. మొదట కూర్చుని పక్కకి ఒరగాలి, తర్వాత మోకాళ్ల మీదనుంచి, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాతే నిలబడి. ఒక అడుగు వేసి పడటం నెల దాటాక. నేలకు తాకే వరుస కాలి పక్క, తొడ, తుంటి, పక్కటెముకలు, భుజం. బొక్కబోర్లా పడకూడదు. మోచెయ్యి ఒంటి కింద ఇరుక్కోకూడదు. కింది చెయ్యి బంతి వెనక, పై చెయ్యి బంతి మీద, మూడో పక్క నేల. ఇలా పట్టిన బంతి చేజారదు, పైగా ఒంటి బరువులో కొంత బంతే మోస్తుంది.

ఈ మెట్లు దాటించకుండా యూట్యూబ్ చూసి గట్టి నేల మీద ఎగిరిన పిల్లలకు తుంటి ఎముక దగ్గర తోలు లేచిపోవడం, మణికట్టు బెణకడం మామూలే. ఒకసారి నొప్పి తగిలిందంటే తర్వాత బంతి వచ్చినా ఒళ్లు కదలదు. ఆ భయం పోగొట్టడానికి నెలలు పడుతుంది. ఒక్కో పక్కకి రోజుకి ఇరవై డైవ్‌లు మించనివ్వకపోవడం కూడా సరైన పనే. ఎదిగే పిల్లలు అలిసిపోయాక పడే పద్ధతి తప్పుతుంది, దెబ్బలు తగిలేది అప్పుడే.

రెండో విశేషం తాళ్లు. రెండు పోస్టులకూ ఒక్కో తాడు కట్టి, రెండు కొసలూ బంతి దగ్గర ఒక పిల్లాడి చేతికిస్తారు. కీపర్ ఆ రెండు తాళ్ల మధ్య నిలబడాలి. బంతి జరిగితే తాళ్లు జరుగుతాయి, కీపర్ కూడా జరగాలి. గోలు వెడల్పు 7.32 మీటర్లు. పెనాల్టీ మార్కు గోలుకి 11 మీటర్ల దూరం. అక్కడ బంతి ఉన్నప్పుడు గీత మీద నిలబడితే మొత్తం వెడల్పూ కాయాలి. మూడు మీటర్లు ముందుకొస్తే తాళ్ల మధ్య ఎడం 5.32 మీటర్లే. బారు (గోలు పైనుండే అడ్డకర్ర) మధ్యనుంచి మూడో తాడు కూడా లాగి చూపిస్తారు. బారు ఎత్తు 2.44 మీటర్లయినా, మూడు మీటర్ల ముందు ఆ తాడు 1.77 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అంటే అంతకంటే పైన నేరుగా దూసుకుపోయే బంతి బారు మీదుగా పోతుంది. అలాగని ఇంకా ముందుకెళ్తే నెత్తి మీదుగా లేపి వేస్తారు. ముందుకి ఎంత, ఎప్పుడు అన్నది పిల్లాడికి కంటికి కనిపిస్తుంది. నోటితో గంట చెప్పినా ఎక్కనిది ఈ తాళ్లతో పావుగంటలో ఎక్కేస్తుంది.

షాట్ కొట్టే క్షణానికి కాళ్లు నిలిచి ఉండాలి అన్నది ఆయన పదేపదే చెప్పే మాట. పరుగులో ఉండగా కొడితే రెండో వైపు పోలేం. కాళ్లు భుజాలంత ఎడం, బరువు ముందరి పాదాల మీద, చేతులు నడుము ఎత్తులో ముందుకి. షాట్ కొట్టాక బంతి తన దాకా వచ్చేవరకు కాచుకుని నిలబడితే మాత్రం ఊరుకోరు. "ఏట్రా నాన్నా, బంతొచ్చీదాకా నిలుసుండిపోతావేటి? ఎదురెల్లు!" అన్న కేక రోడ్డు దాకా వినిపిస్తుంది. చిన్నపిల్లలకు పెద్ద గోలు ఇవ్వరు. వెదురు బొంగులతో ఐదు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తున వేరే గోలు కట్టారు. పెద్ద గోల్లో నిలబెడితే పిల్లలు అందని బంతి కోసం వెనక్కి ఎగరడం అలవాటు చేసుకుంటారు. అది పెద్దయ్యాక మాన్పించడం చాలా కష్టం.

కదిలించగలిగే ఇనుప గోలుకి వెనక పట్టీ మీద ఇసుక నింపిన సిమెంటు సంచులు పెట్టాకే ఆట మొదలవుతుంది. బారు పట్టుకుని వేలాడితే గోలు ముందుకి పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఇది పట్టించుకోని మైదానాలే ఎక్కువ.

కొత్త రూల్స్ కూడా చెబుతారు. 2025-26 సీజన్ నుంచి కీపర్ బంతిని చేతిలో ఎనిమిది సెకన్లకు మించి ఉంచుకుంటే ఎదుటి జట్టుకి కార్నర్ ఇస్తారు. చివరి ఐదు సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెడతాడు. పాత ఆరు సెకన్ల రూల్‌ని రిఫరీలు అంతగా పట్టించుకునేవాళ్లు కాదు. ఇప్పుడు బంతి పట్టిన వెంటనే ఎవరికి వేయాలో చూసుకోవాలి. అందుకే ప్రతి క్యాచ్ తర్వాత ఒక త్రో చేయిస్తారు. 1992లో బ్యాక్ పాస్‌ని, అంటే సొంత జట్టువాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని, చేత్తో పట్టకూడదన్న రూల్ వచ్చాక కీపర్‌కి కాళ్ల పని తప్పనిసరి అయిపోయింది. ఈ బ్యాచ్‌లో అదే కాస్త వెనకబడింది. ఎడమ కాలితో బంతి ఆపి పాస్ ఇవ్వడం మీద పెట్టే సమయం చాలదు.

గ్లవ్స్ విషయంలో మాస్టారి సలహా డబ్బు మిగిల్చేది. పిడికిలి కణుపుల కింద అరచేతి చుట్టుకొలత అంగుళాల్లో తీసి, పై అంకెకి సరిచేసి, ఒకటి కలిపితే సైజు. ఏడున్నర అంగుళాలు వస్తే తొమ్మిది. మెత్తని నాలుగు మిల్లీమీటర్ల లేటెక్స్ గ్లవ్స్ మ్యాచ్‌లకే. మన గరుకు నేల మీద రోజూ వాడితే నెలలోనే అరచేయి పొరలుగా ఊడిపోతుంది. ప్రాక్టీసుకి చవకరకం చాలు. వాడే ముందు కొద్దిగా తడపాలి. పడ్డాక లేచేటప్పుడు అరచేయి కాకుండా పిడికిలి ఆనించి లేవాలి, గ్లవ్స్ మన్నికలో సగం అక్కడే ఉంది. సబ్బు పొడి వేయకుండా చల్లనీళ్లలో నొక్కి కడిగి, మెలిపెట్టకుండా నీడన ఆరేయాలి. డాబా మీద ఎండలో పెడితే లేటెక్స్ పెళుసెక్కుతుంది.

వేలు బెణికితే లాగడం మన ఇళ్లలో ఉన్న అలవాటు. లాగొద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టి, పక్క వేలితో కలిపి టేపు వేయాలి. వాపు తగ్గకపోయినా, వేలు వంకరగా కనిపించినా ఎక్స్‌రే తీయించాలి. తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట బంద్, ఇంటికి ఫోన్. ఈ విషయంలో మాస్టారు చాలా కచ్చితం.

లోపాలు కూడా ఉన్నాయి. కీపర్ శిక్షణలో ఒకరికి ఆరుగురి కంటే ఎక్కువ ఉంటే వరుసలో నిలబడే సమయమే ఎక్కువవుతుంది. వేసవి సెలవుల్లో ఇక్కడ పదిహేను మంది దాకా చేరుతున్నారు. సహాయకుడు ఒక్కడే, వాడు కూడా ఇంటర్ కుర్రాడు. మాస్టారు టోర్నమెంట్లకు వెళ్తే ఆ వారం ఒట్టి పరుగులూ కసరత్తులే. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలకి క్లాసులు పోతే ఆ రోజులు ఫీజులో తగ్గించరు. సగం బంతులు పై తోలు లేచిపోయి బరువు తగ్గాయి, గాల్లో ఊగుతాయి. క్రాసులు (పక్కనుంచి గోలు ముందుకి గాల్లో వేసే బంతులు) పట్టడం నేర్చుకునేవాళ్లకి అది తప్పుడు అలవాటు. సైజు 5 బంతి 410 నుంచి 450 గ్రాములుండాలి. నాలుగు కొత్త బంతులు కొంటే ఈ సమస్య తీరుతుంది. ఆడపిల్లలు కొందరు వస్తున్నారు, బట్టలు మార్చుకోవడానికి చోటు లేదు. ఇది వెంటనే చూడాలి.

బరువులు ఎప్పుడు ఎత్తిస్తారని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. వెయిట్‌లిఫ్టర్లకు పేరున్న కొండవెలగాడ పక్కనే ఉంది కాబట్టి ఆ ప్రశ్న సహజమే. ఇక్కడ పద్నాలుగేళ్లలోపు వాళ్లకి సొంత ఒంటి బరువుతో చేసే కసరత్తులే. స్పోర్ట్స్ కోటాలో సీటో ఉద్యోగమో వస్తుందా అని అడిగితే, రాకపోవచ్చు, చదువు మానకండి అని మాస్టారు మొహం మీదే చెబుతారు. ఏళ్ల తరబడి ఏడాది కాంట్రాక్టుల మీద బతికిన మనిషి మాట అది, నమ్మొచ్చు.

చేర్చాలనుకుంటే ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఆటోలో వెళ్లి, ముందు రెండు రోజులు పక్కన నిలబడి చూడండి, ఎవరూ అడ్డు చెప్పరు. ఎవరి దగ్గర చేర్చినా కోచ్ లైసెన్సు చూపించమని అడగండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) ఇచ్చే డి లైసెన్సు, దానికి తోడు గోల్‌కీపింగ్ కోర్సు ఉంటే మేలు. ఈయన అడగకుండానే చూపిస్తారు. మొదటి రోజు పొడవు చేతుల టీషర్టు, మోకాళ్లు దాటే ప్యాంటు, లీటరు నీళ్ల సీసా పంపండి. స్టడ్స్ (అడుగున బొడిపెలున్న బూట్లు) అక్కర్లేదు, ఆ నేలకి రబ్బరు అడుగున్న బూట్లే నప్పుతాయి. జూన్‌లో స్కూళ్లు తెరిచాక చేర్చండి. అప్పటికి వేసవి రద్దీ తగ్గి, పిల్లాడి వంతు త్వరగా వస్తుంది.