పాత జీపుకు స్టీలు డీజిల్ ట్యాంకు: ఏళ్ల వాడకం తర్వాత

పెట్రోలు జీపుకు మహీంద్రా డీఐ డీజిల్ ఇంజన్ ఎక్కించి, పాత ట్యాంకునే ఉంచుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. అది పనికిరాదు. కార్బురేటర్‌కు ఒక్క పైపు చాలు. డీజిల్ బండిలో పంపు దగ్గర, డీజిల్ చిమ్మే నాజిళ్ల దగ్గర మిగిలిన ఆయిల్, అంటే డీజిలే, తిరిగి ట్యాంకుకు రావాలి, పాతదాంట్లో ఆ రిటర్న్ దారే లేదు. దానికే పైపు అతికించమని వెల్డర్‌ను అడగడం ప్రాణాలతో చెలగాటం. ఎంత కడిగినా అతుకుల సందుల్లో పెట్రోలు ఆవిరి మిగులుతుంది, మంట తగిలితే పేలుతుంది.

ఇక్కడ చెప్పేది వరంగల్‌లో చేయించిన స్టెయిన్‌లెస్ ట్యాంకు సంగతి. బండి ఎక్కువగా తిరిగేది ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు. 163వ జాతీయ రహదారి దిగితే దుబ్బ, ఒర్రెలు, గుంతలే. ఇన్నేళ్లలో ట్యాంకు అతుకుల్లో ఒక్క చుక్క కారలేదు. అయితే ఆ మెచ్చుకోలు షీటుకు కాదు, లోపలి అమరికకూ బిగింపుకూ దక్కాలి.

కొలతలు 500×400×200 మిల్లీమీటర్లు, అంటే 40 లీటర్లు. డ్రైవర్ సీటు కింద పడుతుంది. ఇంజన్‌కు డీజిల్ లాగే పికప్ పైపు అడుగు నుంచి 15 మిల్లీమీటర్లు పైన ఆగుతుంది కాబట్టి 3 లీటర్లు కిందే ఉండిపోతాయి. ఎండకూ వేడి రిటర్న్ ఆయిల్‌కూ డీజిల్ ఉబ్బుతుంది, దానికి పైన 2 లీటర్ల ఖాళీ వదలాలి. చేతికొచ్చేది 35 లీటర్లే.

షీటు 304 గ్రేడు, 1.5 మిల్లీమీటర్ల మందం. చవక అని జింకు పూత ఉన్న జీఐ షీటు వాడొద్దు. జింకు డీజిల్‌లో కరిగి సబ్బు లాంటి జిగురై ఫిల్టర్‌నూ నాజిళ్లనూ పట్టేస్తుంది. అడుగునూ రెండు పక్కలనూ ఒకే షీటుతో యూ ఆకారంలో మడిపించాలి. అప్పుడు కింది అంచుల్లో పొడవాటి అతుకులు ఉండవు, అతుకులు కారేది ఎక్కువగా అక్కడే. రెండు కొసలకూ మూతకూ 15 మిల్లీమీటర్ల అంచు మడిచి, 308ఎల్ రాడ్‌తో టిగ్ వెల్డింగ్. ముందు 40, 50 మిల్లీమీటర్లకో చుక్క పెట్టి, తర్వాత ముక్కలు ముక్కలుగా అటూ ఇటూ మార్చి నింపాలి. ఒకే ఊపున లాగితే షీటు వంకర పోతుంది.

మధ్యలో అడ్డంగా ఒక బాఫిల్, అంటే ట్యాంకును రెండు గదులు చేసే అడ్డు రేకు. నిండు ట్యాంకులో డీజిల్ 33 కిలోల దాకా ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు అదంతా ముందు గోడను గుద్దుతుంది. బాఫిల్ కింది మూలలను కొంచెం కత్తిరిస్తే ఆయిల్ పారుతుంది, పై మూలలను కత్తిరిస్తే గాలి తిరుగుతుంది. పికప్ ఒక గదిలో, రిటర్న్ రెండో గదిలో ఉండాలి. పక్కపక్కనే పెడితే రిటర్న్ తెచ్చిన బుడగలను పికప్ పీల్చుకుంటుంది, ఇంజన్ ఎత్తు మీద తడబడుతుంది. చాలామంది మెకానిక్‌లు దీన్ని పంపు జబ్బనుకుని పంపు విప్పేస్తారు. పికప్ కొసను ఏటవాలుగా కోయించండి, అడుగున చెత్త చేరినా నోరు మూసుకుపోదు.

లీకు పరీక్షకు కంప్రెసర్ పట్టొద్దు. 2 బార్ గాలి పెడితే 500×400 మూత మీద పడే బలం దాదాపు 4 టన్నులు. ట్యాంకు బంతిలా ఉబ్బి అతుకులు చీలతాయి. 0.1 బార్ చాలు. నీళ్లు నింపిన పారదర్శక గొట్టాన్ని యూ లాగా వేలాడదీసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, గొట్టంలో నీటి మట్టాల తేడా 1 మీటరు వచ్చేలా చూసుకుని, అతుకుల మీద సబ్బు నురగ పూయాలి.

ఇలాంటి ట్యాంకులు పగిలేది ఎక్కువగా బిగింపు దగ్గరే. పల్చని షీటుకు క్లాంపులను నేరుగా వెల్డ్ చేస్తే, ఛాసిస్ మెలిక తిరిగిన ప్రతిసారీ ఆ అతుకు అంచే వంగుతుంది. కొన్నాళ్లకు వెంట్రుకంత పగులు వస్తుంది. ఈ ట్యాంకుకు 25 మిల్లీమీటర్ల పట్టీలు రెండు వేసి, కింద 3 మిల్లీమీటర్ల రబ్బరు పరిచారు. గోనె, ఫెల్టు వద్దే వద్దు. తడి పట్టి ఉంచుతాయి, స్టీలునైనా తింటాయి. రబ్బరు వల్ల ఎర్త్ తెగుతుంది కనుక ట్యాంకు నుంచి ఛాసిస్‌కు వైరు వేయాలి, లేకపోతే గేజ్ ఇష్టమొచ్చినట్టు చూపిస్తుంది.

ట్యాంకులోకి గాలి వచ్చే వెంట్ పైపు చూపు పెట్టాల్సిన చోటు. మట్టి కందిరీగలు దాంట్లో గూడు కట్టేస్తాయి. కాసేపు బాగా నడిచి ఇంజన్ ఆగిపోయి, ఫిల్లర్ (డీజిల్ పోసే గొట్టం) మూత తీయగానే బుస్సుమని గాలి పీల్చుకుని మళ్లీ స్టార్టయితే అదే కారణం. వెంట్ గొట్టాన్ని ఫిల్లర్ మూత కంటే ఎత్తుకు తీసుకెళ్లి, కొసన చిన్న ఫిల్టర్ పెట్టాలి. అడుగు మూలలో 20 మిల్లీమీటర్ల లోతు గుంట, దానికి డ్రెయిన్ బోల్టు ఉన్నాయి. వానకాలంలో నీళ్లు అక్కడే చేరతాయి, నెలకోసారి వదిలితే సరి.

నచ్చనివీ ఉన్నాయి. ట్యాంకు పై రేకుకు గాడులు కొట్టలేదు కాబట్టి చదును రేకు గతుకుల్లో డబడబమంటుంది. ఫిల్లర్ గొట్టం పక్కన గాలి పోయే పైపు లేదు, బంకులో నురగ తన్నుకొస్తుంది. కొత్తగా చేయించేవాళ్లు 50 మిల్లీమీటర్ల ఫిల్లర్, దాని పక్కనే 12 మిల్లీమీటర్ల గాలి పైపు అడగండి. గేజ్ ఫ్లోట్ కింద కార్క్ గాస్కెట్ ఎండి చెమర్చింది, నైట్రైల్ రబ్బరు వేశాక ఆగింది. ఇంజన్, ఇంధనం మార్పు ఆర్టీఏ అనుమతితో ఆర్సీలో ఎక్కాలి, ఆ పని ట్యాంకు కొలతలు ఇవ్వకముందే మొదలుపెట్టండి.